మాజ్దా 717సి ఒక్క సీజన్‌తోనే ఎందుకు ఆగిపోయింది?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు ఉన్నాయి. 1983లో మాజ్దా పందెంలోకి దింపిన 717సి అనే చిన్న రోటరీ కారు (పిస్టన్లకు బదులు త్రికోణాకారపు రోటర్లు తిరిగే ఇంజిన్ ఉన్న కారు) ఆ ఏడాదితోనే ఎందుకు తెరమరుగైంది, అది విఫలమైనందువల్లే పక్కన పెట్టారా, 1991లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసు గెలిచిన మాజ్దా 787బికి దానితో నిజంగా బంధుత్వం ఉందా అని మీరు అడిగారు. అది విఫలమైన కారు కాదని నా గట్టి అభిప్రాయం. ఒక ప్రత్యేకమైన నిబంధనను, ఒక ప్రత్యేకమైన ట్రాక్‌ను దృష్టిలో పెట్టుకొని దాన్ని తయారుచేశారు. ఆ ట్రాక్ మీద అది తన పని పూర్తిచేసింది, ఆ తర్వాతి ఏడాదికి దాని స్థానంలో మరో కారు వచ్చింది. అయితే దాని విజయాన్ని ఉన్నదానికంటే పెద్దదిగా చెప్పుకోవడం కూడా సరికాదు. ఆ రెండు మాటలకూ కారణాలు వివరంగా రాస్తాను.

నేను మెకానికల్ ఇంజినీరును. అమెరికాలో ఉద్యోగం చేసిన రోజుల్లో వారాంతాల్లో ఒక ఔత్సాహిక ఎండ్యూరెన్స్ (గంటల తరబడి సాగే రేసుల) జట్టుకు మెకానిక్‌గా సాయం చేసేవాణ్ని. మా కారు మాజ్దా రోటరీ స్పోర్ట్స్ కారైన ఆర్‌ఎక్స్-7లో రెండో తరానిది, దాని ఇంజిన్ 13బి. 717సిలో ఉన్నదీ ఆ కుటుంబానికి చెందిన ఇంజినే. రేసు కోసం దాన్ని ఎంతగా మార్చినా, లోపలి రోటర్లు, సీళ్లు, వేడి, ఇంధన వాడకం వంటి మౌలికమైన సంగతులు ఒకటే. అందువల్ల ఆ కారు గురించిన వ్యాసాల్లో ఒక్క వాక్యంలో దాటేసే విషయాలు కొన్ని నాకు చేతులతో తెలిసినవి. ఈ సమాధానంలో ఆ అనుభవాన్ని అవసరమైనచోట వాడుకుంటున్నాను.

ముందుగా కారు పుట్టిన సందర్భం చూద్దాం. ఎండ్యూరెన్స్ రేసుల్లో 1982 నుంచి గ్రూప్ సి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఇంజిన్ పరిమాణం మీద పరిమితి పెట్టకుండా, తాగే పెట్రోలు మీద పరిమితి పెట్టడం ఈ నిబంధనల్లోని అసలు ఆలోచన. పెద్ద కార్లకు 100 లీటర్ల ట్యాంకు, 1000 కిలోమీటర్లకు 5 సార్లు మాత్రమే ఇంధనం నింపుకొనే అవకాశం ఉండేవి, అంటే మొదటి ట్యాంకుతో కలిపి మొత్తం 600 లీటర్లు. పోర్షే వంటి సంస్థలతో చిన్న తయారీదారులు, సొంత డబ్బుతో నడిచే జట్లు పోటీపడలేవని గ్రహించి, 1983లో గ్రూప్ సి జూనియర్ అనే చిన్న వర్గాన్ని చేర్చారు. దానిలో కనీస బరువు 700 కిలోలు, ట్యాంకు 55 లీటర్లు. అదే లెక్కన 1000 కిలోమీటర్లకు 330 లీటర్లు మాత్రమే దక్కుతాయి. మరోవిధంగా చెప్పాలంటే, రేసు వేగంతో పరుగెత్తుతూ కూడా లీటరుకు సుమారు 3 కిలోమీటర్లు తగ్గకుండా నడవాలి. ఈ 330 అనే సంఖ్యను గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే 717సి ఆకారం, వేగం, పరిమితులు అన్నీ ఆ సంఖ్య నుంచే వచ్చాయి.

అప్పటికి మాజ్దాకు లె మాన్ కొత్త కాదు, కానీ అక్కడ చెప్పుకోదగ్గ ఫలితమూ లేదు. 1970లో బెల్జియం డ్రైవర్లు షెవ్రాన్ బి16 కారులో మాజ్దా రోటరీ ఇంజిన్ పెట్టి లె మాన్‌లో దిగారు. 1973, 1974 సంవత్సరాల్లో సిగ్మా అనే జపాన్ సంస్థ కార్లలో అటువంటి ప్రయత్నాలు జరిగాయి. 1979లో ఆర్‌ఎక్స్-7 ఆధారంగా చేసిన కారు అర్హత సమయాన్ని కొద్ది తేడాతో అందుకోలేకపోయింది. 1981లో రెండు కార్లు వెళ్లి రెండూ మధ్యలోనే ఆగిపోయాయి. 1982లో ఆర్‌ఎక్స్-7 254 అనే కారు 14వ స్థానంలో రేసు ముగించింది. ఇవన్నీ రోడ్డు మీద తిరిగే కారునో, మరొకరి కారునో ఆధారంగా చేసుకున్న ప్రయత్నాలు. మొదటి నుంచీ గ్రూప్ సి కోసమే గీసి, కట్టి, మాజ్దా తన పేరుతో దింపిన మొదటి కారు 717సి. దాని రూపకల్పన జపాన్‌లోని మూన్‌క్రాఫ్ట్ సంస్థది, అంటే తకుయా యురా బృందానిది. మాజ్దా రేసింగ్ విభాగం మాజ్దాస్పీడ్ అనే పేరుతో కంపెనీగా ఏర్పడింది కూడా ఆ ఏడాదిలోనే.

ఇంజిన్ విషయానికి వస్తే, 13బిలో రెండు రోటర్లు ఉంటాయి. ఒక్కో రోటర్ గది పరిమాణం 654 ఘనపు సెంటీమీటర్లు, రెండూ కలిపితే 1308. టర్బో లేకుండానే అది సుమారు 300 హార్స్‌పవర్ ఇచ్చేది. అదే రేసులో పరుగెత్తిన పోర్షే 956 శక్తి దానికి రెట్టింపు దాకా ఉండేది. సగం శక్తి ఉన్న కారు, సగానికి కొంచెం ఎక్కువ పెట్రోలుతో, అదే ట్రాక్ మీద, అదే 24 గంటలు ఎలా నెగ్గుకురావాలి అన్నది యురా ముందున్న ప్రశ్న. ఆ రోజుల్లో లె మాన్‌లోని ముల్సాన్ రోడ్డు సుమారు 6 కిలోమీటర్ల దూరం అడ్డంకి లేకుండా సాగేది. దాని మధ్యలో షికేన్లు, అంటే వేగం తగ్గించడానికి పెట్టే మలుపులు, వచ్చింది 1990లోనే. అంత దూరం పూర్తి వేగంతో పోయే చోట గాలి నిరోధాన్ని తగ్గిస్తే, శక్తి పెంచకుండానే వేగం వస్తుంది, పెట్రోలూ మిగులుతుంది. అందుకే 717సికి గుండ్రంగా, నున్నగా, చిన్నగా ఉండే శరీరాన్ని ఇచ్చారు. పక్కనే పోర్షే 956 ఫోటో పెట్టుకొని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పోర్షే నేలకు అతుక్కొని మలుపుల్లో లాగడానికి పుట్టిన కారైతే, 717సి గాలిని చీల్చుకొని నేరుగా పోవడానికి పుట్టిన కారు.

ఇక్కడ రోటరీ ఇంజిన్ ఇంధన స్వభావం గురించి చెప్పకపోతే ఈ కారు అర్థం కాదు. పిస్టన్ ఇంజిన్‌లో మిశ్రమం మండే చోటు చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. రోటరీలో ఆ చోటు పొడవుగా, పలచగా ఉంటుంది, పైగా మంట రాజుకుంటున్న సమయంలోనే అది గోడ వెంట కదులుతూ పోతుంది. మండే వాయువుకు తగిలే లోహపు ఉపరితలం ఎక్కువ కాబట్టి వేడి గోడల్లోకి పోతుంది, అంచుల్లో కొంత మిశ్రమం మండకుండానే మిగిలిపోతుంది. ఒక్కో రోటర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు పెట్టడానికి ఒక కారణం ఇదే. ఆ మండని ఇంధనం ఎగ్జాస్ట్‌లో మండుతుంది. మా ఆర్‌ఎక్స్-7 రాత్రి పూట పిట్‌లోకి వచ్చినప్పుడు కారు కింద ఎగ్జాస్ట్ గొట్టం ఎర్రగా కణకణలాడుతూ కనిపించేది. ఆ వేడి అంతా మనం డబ్బు పెట్టి కొన్న పెట్రోలే. మాతో సమానమైన ల్యాప్ సమయాలు చేసే పిస్టన్ కార్లు ఇంకా ట్రాక్ మీద తిరుగుతూ ఉండగానే మేం ట్యాంకు నింపడానికి లోపలికి రావలసి వచ్చేది. వాళ్లకంటే ఎక్కువసార్లు ఆగి, వాళ్లకంటే తక్కువసార్లు పాడై, చివరికి వాళ్ల దరిదాపుల్లో ముగించడం మా కారు పద్ధతి. పెట్రోలును కొలిచి ఇచ్చే వర్గంలో రోటరీతో దిగాలని నిర్ణయించుకోవడం ఎంత సాహసమో ఆ పిట్‌లో నిలబడినప్పుడే నాకు పూర్తిగా అర్థమైంది.

మరి ఆ ఇంజిన్ వైపు ఉన్న బలం ఏమిటి? విరిగే భాగాలు తక్కువగా ఉండటం. వాల్వులు లేవు, క్యామ్‌షాఫ్టులు లేవు, కనెక్టింగ్ రాడ్లు లేవు. ప్రధానంగా తిరిగేవి రెండు రోటర్లు, వాటి మధ్య నుంచి పోయే ఒక ఎక్సెంట్రిక్ షాఫ్టు. షాఫ్టు మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి, షాఫ్టు నిమిషానికి 9000 చుట్లు తిరుగుతున్నా రోటర్ 3000 చుట్ల దగ్గరే ఉంటుంది. పైకీ కిందకీ కొట్టుకొనే బరువు లేకపోవడం వల్ల గంటల తరబడి అధిక వేగంలో ఉంచినా అదిరిపోదు. నేను మొదటిసారి 13బిని విప్పి బల్ల మీద పరిచినప్పుడు, ఒక రేసు ఇంజిన్‌లో ఇన్ని కొద్ది భాగాలే ఉంటాయా అన్న ఆశ్చర్యం చాలాసేపు పోలేదు.

కానీ ఆ కొద్ది భాగాల్లో ప్రాణం అంతా అపెక్స్ సీళ్లలో ఉంటుంది. త్రికోణాకారపు రోటర్ మూడు కొనల్లో ఉండే సన్నని పట్టీలు అవి. హౌసింగ్ గోడను రాసుకుంటూ నిరంతరం జారుతూ ఉంటాయి. 1960ల్లో మాజ్దా ఇంజినీరు కెనిచి యమమొతో బృందం ఈ సీళ్లు గోడ మీద వేసే అలల్లాంటి గీతలతోనే సంవత్సరాలు పోరాడింది. ఆ గీతలకు వాళ్లు దెయ్యపు గోళ్ల గుర్తులని పేరు పెట్టారు. కార్బన్, అల్యూమినియం కలిపి చేసిన సీలుతో ఆ సమస్య దారికొచ్చాకే 1967లో మాజ్దా రోటరీ కారు కాస్మో స్పోర్ట్ అమ్మకానికి వచ్చింది. మా జట్టులో సీళ్లకు తడి అందడానికి పాత బజాజ్ స్కూటర్లకు కలిపినట్టు పెట్రోల్లోనే కొద్దిగా టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపేవాళ్లం. నీళ్ల ఉష్ణోగ్రత చూపే ముల్లు మీద నుంచి కన్ను తీసేవాళ్లం కాదు. ఈ ఇంజిన్‌ను ఎంత తిప్పినా ఓర్చుకుంటుంది, ఒక్కసారి అతిగా వేడెక్కితే మాత్రం క్షమించదు. హౌసింగ్ వంగుతుంది, నీటిని ఆపే సీళ్లు పోతాయి, ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. వేడిని అదుపులో ఉంచినంత కాలం మాకు ముందుగా పాడయ్యేవి బ్రేకులో, గేర్‌బాక్సో, వీల్ బేరింగులో తప్ప ఇంజిన్ కాదు.

ఈ నేపథ్యంతో 1983 జూన్ 18, 19 తేదీల్లో జరిగిన లె మాన్ ఫలితాన్ని చూడండి. మాజ్దా రెండు 717సి కార్లను తీసుకొచ్చింది. 60వ నంబరు కారును యోజిరో తెరాదా, తకాషి యోరినో, యోషిమి కతయామా నడిపారు. 61వ నంబరు కారు బ్రిటన్‌కు చెందిన జెఫ్ అల్లం, స్టీవ్ సోపర్, జేమ్స్ వీవర్ చేతిలో ఉంది. జపాన్ డ్రైవర్ల కారు మొత్తం మీద 12వ స్థానంలో, గ్రూప్ సి జూనియర్ వర్గంలో మొదటి స్థానంలో నిలిచింది. బ్రిటిష్ డ్రైవర్ల కారు 18వ స్థానం పొందింది. ఆ ఏడాది మొదటి పది స్థానాల్లో తొమ్మిది పోర్షే 956లవే. వాటి మధ్య చోటు దక్కించుకున్న ఒకే ఒక్క ఇతర కారు 9వ స్థానంలో వచ్చిన సౌబర్. అంతటి ఏకపక్షమైన రేసులో సగం శక్తి ఉన్న చిన్న కారు 12వ స్థానంలోకి రావడానికి, రెండు కార్లూ ముగింపు దాకా నిలబడటానికి కారణం వేగం కాదు. పెద్ద కార్లు ఒక్కొక్కటిగా ఆగిపోతున్నా ఇది ఆగలేదు, అంతే. రెండేళ్ల క్రితం రెండు కార్లనూ మధ్యలోనే పోగొట్టుకున్న జట్టుకు ఆ ఫలితం ఎంత ఊరటనిచ్చి ఉంటుందో, పిట్ గోడ వెనుక రాత్రంతా మెలకువగా ఉన్న ఎవరికైనా తెలుస్తుంది.

కతయామా పేరు దగ్గర కొంచెం ఆగాలనిపిస్తోంది. ఆయన ఒకప్పుడు సుజుకీ తరఫున గ్రాండ్ ప్రి మోటార్‌సైకిళ్లు నడిపారు. 1968 ఆగస్టులో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌లో 84 గంటల మారథాన్ జరిగింది. మాజ్దా రోటరీ కారు అంతర్జాతీయ రేసులో దిగడం అదే మొదటిసారి. ఆ రేసుకు వెళ్లిన రెండు కాస్మో కార్లలో ఒకదాన్ని నోబువో కోగా, మసామి కతకురాలతో కలిసి కతయామా నడిపారు. 82వ గంటలో, ముగింపు కనుచూపు మేరలో ఉండగా, ఇరుసు విరిగి ఆ కారు ఆగిపోయింది. బెల్జియం డ్రైవర్ల చేతిలోని రెండో కాస్మో 4వ స్థానంలో ముగించింది. 15 ఏళ్ల తర్వాత అదే వ్యక్తి మరో రెండు రోటర్ల కారులో 24 గంటలు పూర్తిచేసి వర్గ విజేతగా నిలిచారు. 717సి కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఇప్పుడు ఆ విజయం పరిమితుల గురించి. గ్రూప్ సి జూనియర్‌కు అది మొదటి ఏడాది, ఆ వర్గంలో దిగిన కార్లు తక్కువ, వాటిలో చాలావరకు చిన్న జట్లవి. ఆ సీజన్ మొత్తానికి జూనియర్ కప్పు గెలుచుకున్నది మాజ్దా కాదు. ఇటలీకి చెందిన ఆల్బా జట్టు దాన్ని గెలుచుకుంది. మాజ్దా సీజన్ అంతా తిరగలేదు, దాని కన్ను లె మాన్ మీదే ఉంది. ఒక్క ట్రాక్ కోసం గీసిన కారు మలుపులు ఎక్కువగా ఉండే ట్రాక్‌ల మీద అదే బలాన్ని చూపాలని ఆశించలేం. గాలి నిరోధం తగ్గించడానికి ఇచ్చిన మూల్యం నేల మీది పట్టు. మలుపులో నిలకడ లేకపోతే డ్రైవర్ ముందుగానే బ్రేకు వేస్తాడు, ఆలస్యంగా యాక్సిలరేటర్ తొక్కుతాడు, నేరు రోడ్డు మీద సంపాదించినది అక్కడ ఖర్చయిపోతుంది. 717సి పేరు ఒక్క సీజన్‌తో ముగియడానికి సాంకేతిక కారణం ఇదేనని నేను అనుకుంటున్నాను.

దీనికి మంచి సాక్ష్యం 1984 లె మాన్. ఆ ఏడాది జూనియర్ వర్గం పేరు సి2గా మారింది, మాజ్దా 717సిని సవరించి 727సిగా తీసుకొచ్చింది. అదే రేసుకు అమెరికాకు చెందిన బీఎఫ్ గుడ్‌రిచ్ జట్టు బ్రిటన్‌లో తయారైన లోలా టి616 చాసిస్‌లో (కారు మూల చట్రంలో) అదే 13బి ఇంజిన్ పెట్టుకొని వచ్చింది. రెండు లోలాలు 10, 12 స్థానాల్లో ముగించాయి, వాటిలో ముందున్నది సి2 విజేతగా నిలిచింది. మాజ్దా సొంత 727సి కార్లు 15, 20 స్థానాలకు పరిమితమయ్యాయి. ఇంజిన్ ఒక్కటే, ఇంధన నిబంధన ఒక్కటే, ట్రాక్ ఒక్కటే, మారినది చాసిస్, శరీరం, జట్టు. ఆ గెలిచిన లోలా డ్రైవర్లలో ఒకరు, జాన్ మోర్టన్, జాన్ ఒస్టీన్‌లతో పాటు, మన కతయామాయే. 717సిని ఆపినది రోటరీ ఇంజిన్ బలహీనత అని ఎవరైనా చెబితే, ఈ ఒక్క ఫలితం చూపించి కాదని చెప్పవచ్చు.

1985లో 737సి వచ్చింది, లె మాన్‌లో దాని స్థానాలు 19, 24. అప్పటికి సి2 వర్గంలో స్పైస్, ఎకోస్ వంటి బ్రిటిష్ జట్లు గట్టిపడ్డాయి. రెండు రోటర్లతో ఆ వర్గంలో కొనసాగితే మెల్లగా వెనక్కి జారడమే తప్ప ముందుకు పోయే దారి లేదు. అందుకే 1986లో మాజ్దా చిన్న వర్గాన్ని వదిలి, మూడు రోటర్ల 13జి ఇంజిన్‌తో, నైజెల్ స్ట్రౌడ్ గీసిన కొత్త చాసిస్‌తో 757ను దింపింది. ఆ కారు 1987లో 7వ స్థానం సాధించింది. 717, 727, 737 అన్నవి వరుసగా మూడేళ్లపాటు సరిదిద్దుతూ పోయిన ఒకే ఆలోచనకు మూడు పేర్లు. కాబట్టి 717సి ఒక్క ఏడాదే ఉంది అన్నది పేరు విషయంలో నిజం, ఆలోచన విషయంలో దాని ఆయుష్షు మూడేళ్లు.

చివరిగా, 787బితో బంధుత్వం సంగతి. చాసిస్ పరంగా బంధుత్వం ఏమీ లేదు. మూన్‌క్రాఫ్ట్ గీసిన కారుకూ స్ట్రౌడ్ గీసిన కార్ల వరుసకూ మధ్య గీత 1986 దగ్గర స్పష్టంగా ఉంది. ఇంజిన్ పరంగా మాత్రం బంధుత్వం సూటిగా ఉంది. 787బిలోని ఆర్26బి ఇంజిన్‌లో నాలుగు రోటర్లు, మొత్తం పరిమాణం 2616 ఘనపు సెంటీమీటర్లు. దాన్ని నాలుగుతో భాగిస్తే 717సిలో ఉన్న అదే 654 వస్తుంది. గది పరిమాణం మార్చకుండా గదుల సంఖ్య పెంచుకుంటూ పోయారు. ఆ గదిలో నేను పైన చెప్పిన రోగాలన్నిటికీ ఒక్కొక్క మందు వెతికారు. మంట పూర్తిగా అందడానికి ఒక్కో రోటర్‌కు మూడో స్పార్క్ ప్లగ్గు చేర్చారు. అరుగుదలను తట్టుకోవడానికి సెరామిక్ అపెక్స్ సీళ్లు వాడారు. వేగాన్ని బట్టి పొడవు మారే గాలి గొట్టాలు అమర్చారు. 1991లో కూడా లె మాన్ ఇంధనం కొలిచి ఇచ్చే రేసే కాబట్టి, 330 లీటర్ల లెక్కతో మొదలైన పొదుపు చదువు అక్కడ పనికొచ్చింది.

మనుషుల పరంగా బంధుత్వం ఇంకా గట్టిది. 1991లో ఫోల్కర్ వైడ్లర్, జానీ హెర్బర్ట్, బెర్ట్రాండ్ గాషోల 55వ నంబరు 787బి గెలిచిన రోజున మాజ్దా మరో రెండు కార్లనూ ముగింపు గీత దాటించింది. వాటిలో 8వ స్థానంలో వచ్చిన 56వ నంబరు 787ను పియెర్ డ్యుదొనేతో కలిసి నడిపినవారు యోజిరో తెరాదా, తకాషి యోరినో. ఎనిమిదేళ్ల క్రితం 60వ నంబరు 717సిని 12వ స్థానానికి చేర్చిన ముగ్గురిలో వీరిద్దరు ఉన్నారు.